ప్లేటు మీద కరెంటు సరే, అది ఆర్గాన్ వల్లేనా?

వాక్యూమ్ పట్టడం, గ్యాస్‌లో కరెంటు పారించి డిశ్చార్జ్ వెలిగించడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. ఆ డిశ్చార్జ్ నుంచి బీమ్‌గా వచ్చే ఉత్తేజిత (అదనపు శక్తి నింపుకున్న) ఆర్గాన్ స్టీలు ప్లేటుకు తగిలి ఎలక్ట్రాన్లను లేపుతోంది, ఎలక్ట్రోమీటర్‌లో (అతి చిన్న కరెంటు కొలిచే మీటరు) కొన్ని పికో ఆంపియర్లు కనిపిస్తున్నాయి, ఆ కరెంటుతో ఆర్గాన్ ఎంతో తేల్చబోతే మాత్రం లెక్క కుదరడం లేదు.

డిశ్చార్జ్ ఆపినా కరెంటు పోవడం లేదు

ముందు చూడాల్సింది ఇదే. ఎన్నిసార్లు చెప్పినా దీన్ని వదిలేసి పంపు విప్పుతారు. విశాఖ సముద్రపు గాలికి ఫీడ్‌త్రూ (ఛాంబర్ గోడ గుండా తీగను బయటికి తెచ్చే చోటు) పింగాణీ మీద తేమ, ఉప్పు పడతాయి, కంటికి కనబడవు. 10 వోల్టుల బయాస్‌కి (ఎలక్ట్రాన్లను లాగడానికి పెట్టే వోల్టేజీ) 10¹² ఓమ్‌ల దారి దొరికితే 10 పికో ఆంపియర్లు వచ్చేసినట్టే. బయాస్ ప్లస్, మైనస్ తారుమారు చేయండి. విలువ అంతే ఉండి గుర్తు మాత్రమే మారితే లీకేజీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరబెట్టి, చుట్టూ సిలికాజెల్ పెట్టండి. వానాకాలంలో కిటికీ తెరవకండి, బీచ్ ఎంత పిలిచినా.

డిశ్చార్జ్ ఆపితే సున్నా, షట్టర్ మూసినా సున్నా, అయినా కరెంటు ఎక్కువ

నన్ను ఒక వేసవంతా ముంచింది ఇదే. షట్టర్ (బీమ్ దారికి అడ్డుపెట్టే పలక) మూస్తే పోయింది కదా, ఇక బీమే అని నమ్మేశాను. షట్టర్ వెలుతురునూ ఆపుతుందని తట్టలేదు! డిశ్చార్జ్ నుంచి 104.8, 106.7 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి నేరుగా ప్లేటు మీద పడుతుంది. 106.7 నానోమీటర్ల ఫోటాన్ (కాంతి కణం) శక్తి 11.6 ఎలక్ట్రాన్ వోల్టులు, మెటాస్టేబుల్ (ఉత్తేజాన్ని చాలాసేపు నిలుపుకునే) ఆర్గాన్‌ది 11.55. స్టీలు నుంచి ఎలక్ట్రాన్‌ను లాగడానికి సుమారు 4.5 చాలు. ఎవరు కొట్టారో ప్లేటుకేం తెలుసు? రెండింటికీ ఛార్జ్ లేదు, కాబట్టి డిఫ్లెక్టర్‌కూ (బీమ్ పక్కన వోల్టేజీ పెట్టిన పలకలు) లొంగవు. అది అయాన్లను తప్పిస్తుందంతే.

విడదీసేది కాలమే. బీమ్‌కు అడ్డంగా తిరిగే చాపర్ (చీలిక ఉన్న పళ్లెం) పెట్టండి. మీటరు దూరం దాటడానికి కాంతికి 3 నానోసెకన్లు, గది వేడి ఆర్గాన్‌కు దాదాపు 2 మిల్లీసెకన్లు. పికో ఆంపియర్ రేంజిలో ఎలక్ట్రోమీటర్ అంత వేగంగా కదలదు. అందుకే అదే ప్లేటు నుంచి లేచే ఎలక్ట్రాన్లను మల్టిప్లయర్‌లోకి (ఒక్కో ఎలక్ట్రాన్‌నూ పెద్ద పల్స్‌గా పెంచే పరికరం) లాగి, ఎప్పుడు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. మొదటి శిఖరం కాంతి, వెనక వచ్చే గుట్ట ఆర్గాన్. ఆ రెండింటి నిష్పత్తితో కరెంటును పంచండి. డిశ్చార్జ్ కరెంటో, గ్యాస్ పీడనమో మార్చిన ప్రతిసారీ మళ్ళీ కొలవాలి, పాత నిష్పత్తి పనికిరాదు.

రోజుకో విలువ

ప్లేటు మురికి. 10⁻⁶ టార్ పీడనంలో ఒక్క సెకనుకే మిగిలిన గ్యాస్ అణువుల పొర పట్టేస్తుంది. వాక్యూమ్‌లోనే వేడిచేసి, వెంటనే కొలవండి.

రిడ్‌బర్గ్ పరమాణువులేమోనని (ఎలక్ట్రాన్ చాలా దూరపు కక్ష్యలో వదులుగా ఉన్నవి) అడిగేవాళ్ళుంటారు. డిఫ్లెక్టర్ వోల్టేజీ పెంచి చూడండి, అవే అయితే ఎలక్ట్రాన్ ఊడి పక్కకు పోతాయి, కరెంటు మారకపోతే వదిలేయండి.