మేతకు వెళ్ళి వచ్చే పాడి ఆవుకు సాలలో ఏమి పెట్టాలి

ఒడిశాలోని గజపతి జిల్లాలో కాశీనగర్, పర్లాకిమిడి చుట్టుపక్కల గాని, రాయగడ జిల్లాలో గుణుపురం వైపు గాని పాడి ఆవును రోజంతా కట్టి మేపేవారు తక్కువ. ఉదయం పాలు తీసి వదిలితే వంశధార గట్ల మీదా, కొండల దిగువ బీళ్ళలోనూ, కోతలయ్యాక వరి మళ్ళలోనూ మేసి సాయంత్రానికి అదే సాలకు చేరుకుంటుంది. డొక్కలు నిండి వచ్చిన ఆవుకు ఇంకేమి కావాలని అనుకుంటాము గాని, కడుపు నిండడం వేరు, పాలకు కావలసినవన్నీ అందడం వేరు. ఆ బీడు ఏ నెలలో ఏమి ఇవ్వలేకపోతున్నదో చూసుకొని ఆ లోటు మేరకే పెట్టాలి. దుకాణంలో ఏది కనబడితే అది కొని పోస్తే డబ్బు పేడలో కలుస్తుంది.

అన్నిటికంటే ముందు చూడవలసినవి ఖనిజ లవణాలు. ఇక్కడి ఆవులకు బీటి మేత తరువాత దొరికేవి వరిగడ్డి, తవుడు. వరిగడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతానికి మించవు. పైగా అందులోని ఆగ్జలేట్లు అనే పదార్థాలు ఉన్న కొద్దిపాటి కాల్షియాన్ని కూడా ఒంటికి పట్టనివ్వవు. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం బహు తక్కువ. లీటరు పాలలో సుమారు 1.2 గ్రాముల కాల్షియం బయటకు పోతుంది కనుక, 6 లీటర్లు ఇచ్చే ఆవు రోజుకు 7 గ్రాములకు పైగా పాలలోనే ధారపోస్తుంది. మేతలో అది రాకపోతే తన ఎముకల నుండి తీసి ఇస్తుంది. తవుడు కూడా అందక వేసవి అంతా ఎండు గడ్డి మీద బతికే ఆవుకు భాస్వరం లోటు పడుతుంది. అది గుడ్డలు, మట్టి, ఎముకలు నమలడం మొదలుపెడితే ఆకలి అనుకోకూడదు. కుళ్ళిన కళేబరపు ఎముకలను నమిలితే బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. రాగి లోపిస్తే వెంట్రుకలు రంగు వెలుస్తాయి, జింకు లోపిస్తే చర్మం గరుకెక్కి గిట్టలు పాడవుతాయి, చూడి ఆవుకు అయోడిన్ చాలకపోతే దూడ మెడ కింద వాపుతో పుడుతుంది.

వీటన్నిటికీ మందు ఒకటే: పెద్ద ఆవుకు రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, 30 గ్రాముల అయోడిన్ ఉప్పు. ఎదిగే పెయ్యకు మిశ్రమం 30 గ్రాములు చాలు. ఐఎస్ఐ గుర్తు ఉన్న సంచి తీసుకోవాలి. ఉప్పు కలిపినది, కలపనిది అని రెండు రకాలు వస్తాయి, ఉప్పు విడిగా చౌకగా దొరుకుతుంది కనుక కలపనిదే కొనడం లాభమని నా అభిప్రాయం. గుప్పెడు అనే కొలత మనిషికో తీరుగా ఉంటుంది. కిరాణా దుకాణంలో ఒక్కసారి తూచి, ఒక పాత గ్లాసు మీద గీత పెట్టుకుంటే ఇంట్లో ఎవరు పెట్టినా లెక్క తప్పదు. పాలు ఇవ్వని రోజుల్లో దీనిని మానివేయడం మనవాళ్ళలో ఉన్న పెద్ద పొరపాటు. ఒట్టిపోయిన ఆవు కడుపులో దూడ పెరుగుతున్నది అప్పుడే.

లవణాల తరువాత లోటు మాంసకృత్తులది. ఒకసారి పాలు తగ్గాయని దుకాణదారు మాట నమ్మి కాల్షియం సీసాలు మూడు పోశాను, పాలు పెరగలేదు. నూనె తీసిన గింజల చెక్క పెట్టాక పది రోజులకు పెరిగాయి. రాయగడ, కోరాపుట్ కొండల్లో వలిసెలు పండుతాయి కనుక ఈ ప్రాంతంలో వలిసె చెక్క దొరుకుతుంది, అది మంచి దాణా. వేరుశనగ చెక్క ఇంకా బలమైనది, అయితే బూజు వాసన వస్తే ఆవుకు పెట్టకూడదు, ఆ బూజు విషం పాలలోకి కూడా దిగుతుంది. ఇప్ప చెక్కలో సపోనిన్లు అనే హానిచేసే పదార్థాలు ఉంటాయి కాబట్టి దానిని పొలానికి ఎరువుగా వాడుకోవడమే మేలు. ఇంట్లో 100 కిలోల దాణా కలుపుకోవాలంటే మొక్కజొన్న రవ్వ లేదా నూకలు 35, చెక్క 30, తవుడు 32, ఖనిజ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో చొప్పున తీసుకోవచ్చు. ఇలా కలిపిన దాణాను 3 కిలోలకు పైగా తినే ఆవుకు లవణాలు మళ్ళీ విడిగా పెట్టనక్కరలేదు.

ఎంత పెట్టాలన్నది పాలను బట్టి ఉంటుంది. ప్రతి 2.5 లీటర్ల పాలకు ఒక కిలో దాణా, ఆపైన ఒంటి పోషణకు ఒక కిలో, వెరసి 6 లీటర్ల ఆవుకు దాదాపు 3.5 కిలోలు, రెండు పూటలుగా పంచి పెట్టాలి. వానాకాలంలో బీడు పచ్చగా ఉన్నప్పుడు ఒంటి పోషణ వాటా తగ్గించవచ్చు. ఏ మార్పు అయినా వారం, పది రోజుల్లో మెల్లగా చేయాలి. గమ్హా పున్నమికో కనుమకో ఆవుకు పిండివంట తినిపించడం మన మర్యాద. ఒక ముద్ద పెడితే భక్తి, కుండెడు అన్నం పెడితే కడుపులో ఆమ్లం పెరిగి మర్నాటికి నెమరు ఆగుతుంది.

జూన్ వానలకు మొలిచే లేత గడ్డిలో అధికభాగం నీరే. పేడ పలచబడుతుంది, వెన్న శాతం పడిపోతుంది, పాలకేంద్రంలో ధర తగ్గుతుంది. ఆ రోజుల్లో మేతకు వదిలే ముందు రెండు కిలోల ఎండు గడ్డి, దొరికితే చోడి (రాగుల) గడ్డి వేస్తే నెమరు నిలబడుతుంది. ఆకలితో ఉన్న ఆవును తడిసిన పిల్లిపెసర, అలసంద చేలలోకి వదిలితే కడుపు ఉబ్బుతుంది. నీరు నిలిచే మళ్ళలో నత్తల వల్ల వచ్చే కార్జపు జలగ ఉన్న ఆవుకు ఎంత పెట్టినా ఒంటికి పట్టదు కనుక, పశువైద్యుణ్ణి అడిగి ముందు ఆ జలగకు తగిన మందు వేయించాలి.

ఫిబ్రవరి నుండి మే వరకు బీడు ఎండిపోయాక వరిగడ్డినే బాగుచేసుకోవాలి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలుపొరలుగా చల్లి తొక్కి, గాలి దూరకుండా పాలిథిన్ పట్టాతో 21 రోజులు మూసి ఉంచాలి. తెరిచాక ఘాటు వాసన పోయేదాకా ఆరబెట్టి, మొదటి వారం మామూలు గడ్డితో కలిపి వేయాలి. ఆరు నెలల లోపు దూడకు ఇది పనికిరాదు. యూరియాను కుడితిలో కలపడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. గంటలోపే ఆవు ప్రాణం పోవచ్చు. ఈ నెలల్లో నీళ్ళ తొట్టి ఖాళీగా ఉంటే పెట్టిన దాణా అంతా వృథా.

ఈనడానికి మూడు వారాల ముందు నుండి కాల్షియం సీసాలు తాగించడం ఆపాలి. అప్పుడు అధికంగా ఇస్తే ఎముకల నుండి కాల్షియం తీసుకొనే పని ఆవు ఒళ్ళు మరిచిపోయి, ఈనిన తరువాత ఒక్కసారిగా పాలు దిగినప్పుడు పాల జ్వరం వస్తుంది. పేరుకు జ్వరమే గాని చెవులు చల్లబడతాయి, మెడ పక్కకు వాలుతుంది, ఆవు లేవలేదు. ఇది ఎక్కువగా ఈనిన మూడు రోజుల లోపే వస్తుంది. అప్పుడు నోట ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పశువైద్యుడు వచ్చి రక్తనాళంలోకి మెల్లగా కాల్షియం ఎక్కించేదాకా ఆవును పక్కకు ఒరిగిపోకుండా గడ్డి మూటలు ఆనించి కూర్చోబెట్టాలి.