డీఎస్ఎస్టీ 'సబ్‌స్టెన్స్ అబ్యూజ్' పరీక్షకు ఎలా సిద్ధం కావాలి?

అమెరికాలో డిగ్రీ చదివేవారు తరగతికి వెళ్లకుండానే కొన్ని క్రెడిట్లు (డిగ్రీకి లెక్కేసే కోర్సు పాయింట్లు) సంపాదించుకోవచ్చు. ఒక సబ్జెక్టులో పరీక్ష రాసి నెగ్గితే, కాలేజీ ఒప్పుకున్న పక్షంలో, ఆ కోర్సు చదివినట్టే లెక్క. ఇలాంటి పరీక్షల్లో క్లెప్ పేరు చాలామంది విని ఉంటారు. కానీ క్లెప్ జాబితాలో వ్యసనాలకు సంబంధించిన పరీక్ష లేదు. అది కావాలంటే డీఎస్ఎస్టీ వైపు చూడాలి. మొదట సైన్యంలో పనిచేసేవారి కోసం పెట్టిన ఈ పరీక్షలను ఇప్పుడు ఎవరైనా రాయవచ్చు. ప్రోమెట్రిక్ సంస్థ వీటిని నిర్వహిస్తోంది.

'సబ్‌స్టెన్స్ అబ్యూజ్' (మత్తుపదార్థాల దుర్వినియోగం) అన్న పేరు చూసి ఇది కౌన్సెలింగ్ పరీక్ష అనుకుంటారు. వ్యసనపరుడితో ఎలా మాట్లాడాలి, కుటుంబానికి ఎలా ధైర్యం చెప్పాలి అన్నవి చదువుకుని వెళ్తే మాత్రం చిక్కే. ఇందులో ఎక్కువ భాగం మందుల శాస్త్రం. ఏ పదార్థం మెదడులో ఎక్కడ ఏం చేస్తుంది, ఎంతసేపు ఉంటుంది, మానేస్తే ఏమవుతుంది అన్నదే అసలు సంగతి. ఇంటర్లో బైపీసీ చదివినవారికి సగం బరువు తగ్గినట్టే.

1. ముందు కాలేజీని అడగండి

అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ ఈ పరీక్షకు 3 క్రెడిట్లు ఇవ్వవచ్చని సిఫారసు చేస్తుంది. స్కోరు 200 నుంచి 500 దాకా ఉంటుంది, 400 రావాలి. అయితే సిఫారసు సిఫారసే, తుది నిర్ణయం మీ కాలేజీదే. డీఎస్ఎస్టీ తీసుకుంటారా, ఈ క్రెడిట్లు మీ ప్రధాన సబ్జెక్టు కింద పడతాయా లేక ఎలెక్టివ్ (ఐచ్ఛికం) కిందా, పరీక్షల ద్వారా తెచ్చుకునే క్రెడిట్లకు పరిమితి ఉందా? ఈ మూడూ ఈమెయిల్లో అడిగి, జవాబు దాచుకోండి. నోటి మాట మీద పరీక్ష రుసుము కట్టకండి.

ఎఫ్-1 వీసా మీద ఉన్న బ్యాచిలర్స్ విద్యార్థులు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. సెమిస్టరుకు కనీసం 12 క్రెడిట్లకు నమోదై ఉండాలన్న నిబంధన ఉంది. పరీక్షతో వచ్చిన క్రెడిట్లను అందులో కలిపి కోర్సులు తగ్గించుకుందామంటే కుదరదు. హెచ్-4 మీద ఉండి డిగ్రీ పూర్తి చేయాలనుకునేవారికి ఈ బెడద లేదు.

ఈ పరీక్ష నెగ్గినంత మాత్రాన కౌన్సెలర్ లైసెన్సు రాదు. దానికి ఒక్కో రాష్ట్రం ఒక్కో లెక్కన శిక్షణ గంటలు, వేరే పరీక్షలు పెడుతుంది.

2. సిలబస్ పత్రాన్ని ముందు పెట్టుకోండి

డీఎస్ఎస్టీ వెబ్‌సైట్లో ఈ పరీక్షకు ఉచిత ఫ్యాక్ట్ షీట్ ఉంటుంది. ఏ అధ్యాయం నుంచి ఎంత శాతం ప్రశ్నలు వస్తాయో అందులో ఉంటుంది, కొన్ని నమూనా ప్రశ్నలు కూడా ఇస్తారు. ఏదో లావుపాటి పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి పట్టుకోవడం కన్నా, ఈ శాతాలను బట్టి రోజులు పంచుకోవడం మేలు. చదవడానికి అమెరికా ప్రభుత్వ సంస్థలైన నైడా, ఎన్ఐఏఏఏ, శాంసాల ఉచిత సమాచారం చాలావరకు సరిపోతుంది.

3. పునాది గట్టిగా వేసుకోండి

హాఫ్ లైఫ్ (ఒంట్లోని మందు సగానికి తగ్గే సమయం), టాలరెన్స్ (అలవాటుపడి అదే మోతాదు చాలకపోవడం), క్రాస్ టాలరెన్స్ (ఒక పదార్థానికి పడిన అలవాటు అలాంటి ఇంకోదానికీ వర్తించడం), డిపెండెన్స్ (అది లేకుండా ఒళ్లు నడవని స్థితి), విత్‌డ్రాయల్ (మానేస్తే వచ్చే బాధలు). ఈ మాటలు ప్రతి అధ్యాయంలోనూ ఎదురవుతాయి. ఉదాహరణకు ఒక మందు హాఫ్ లైఫ్ 4 గంటలు, ఒంట్లో 80 మిల్లీగ్రాములు ఉంది అనుకోండి. 4 గంటలకు 40, 8 గంటలకు 20, 12 గంటలకు 10 మిగులుతుంది. మద్యం మాత్రం ఈ లెక్కకు లొంగదు. ఎంత తాగినా కాలేయం దాన్ని గంటకు దాదాపు ఒకే పరిమాణంలో ఖర్చు చేస్తుంది. అందుకే మజ్జిగ తాగినా, నిమ్మకాయ చప్పరించినా, చన్నీళ్లతో స్నానం చేసినా రక్తంలోని మద్యం త్వరగా తగ్గదు. కాఫీతోనూ అంతే. దీని మీద ప్రశ్న వస్తే మన ఊళ్లో విన్నది కాకుండా పుస్తకంలో ఉన్నది రాయండి.

4. ఒక్కో పదార్థానికి ఒక్కో కాగితం

నా దృష్టిలో ఈ పరీక్షకు ఇంతకు మించిన పద్ధతి లేదు. మద్యం, నిద్రమాత్రలు, పొగాకు, కొకైన్ లాంటి ఉత్తేజకాలు, నల్లమందు కుటుంబం (ఓపియాయిడ్లు), గంజాయి, భ్రాంతి కలిగించేవి, వాసన పీల్చేవి... ప్రతిదానికీ ఒక కాగితం తీసుకుని ఇవే గళ్లు గీయండి: ఏ నాడీ రసాయనం మీద పనిచేస్తుంది, అప్పటికప్పుడు ఏమవుతుంది, ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుంది, మానేస్తే ఏమవుతుంది, చికిత్సకు వాడే మందు ఏది.

అన్ని గళ్లూ నింపాక వాటిని పక్కపక్కన పెట్టి చూడండి. నల్లమందు కుటుంబంలోవి మానేస్తే మనిషి నరకం చూస్తాడు కానీ ఆ బాధ సాధారణంగా ప్రాణం తీయదు. ఎక్కువ కాలం విపరీతంగా తాగినవారు ఒక్కసారిగా మద్యం ఆపేస్తే, లేదా బెంజోడయాజిపైన్లు (ఆందోళన, నిద్రలేమికి ఇచ్చే ఒక రకం మందులు) హఠాత్తుగా మానేస్తే, మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. చాలామంది దీన్ని తలకిందులుగా ఊహిస్తారు.

మద్యం కాగితం మీద మరికాస్త సమయం పెట్టండి. తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ అనే మందు వాడుతున్నవారు మద్యం తాగితే ముఖం ఎర్రబడి వాంతులు ఎందుకవుతాయి? కాలేయం మద్యాన్ని మొదట ఎసిటాల్డిహైడ్‌గా, తర్వాత ఎసిటేట్‌గా మారుస్తుంది. డైసల్ఫిరామ్ ఆ రెండో మెట్టును ఆపేస్తుంది. విషపూరితమైన ఎసిటాల్డిహైడ్ పేరుకుపోయి ఒళ్లు తిరగబడుతుంది. ఈ ఒక్క గొలుసు అర్థమైతే ప్రశ్న ఏ రూపంలో వచ్చినా జవాబు దొరుకుతుంది.

నల్లమందు కాగితం మీద మూడు పేర్లు విడివిడిగా రాసుకోండి. మెథడోన్ గ్రాహకాన్ని (మెదడు కణం మీద మందు అతుక్కునే చోటును) పూర్తిగా ప్రేరేపిస్తుంది, బ్యూప్రెనార్ఫిన్ పాక్షికంగా, నాలోక్సోన్ అసలు ప్రేరేపించకుండా అడ్డుకుంటుంది. మోతాదు మించి ఊపిరి ఆగిపోతున్నవారికి ఇచ్చేది నాలోక్సోనే.

5. చట్టాలు, తేదీలు

ఇవి కొన్నే, ఒక సాయంత్రం చాలు. నల్లమందు, కొకైన్‌ల మీద నియంత్రణ తెచ్చిన 1914 హారిసన్ చట్టం, 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం, 1935లో ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానాలనుకునేవారి సంఘం) ఆరంభం, మత్తుపదార్థాలను అయిదు షెడ్యూళ్లుగా విడదీసిన 1970 చట్టం. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ గ్రంథం) అబ్యూజ్, డిపెండెన్స్ అనే రెండు రోగనిర్ధారణలనూ కలిపేసింది. 11 లక్షణాల్లో రెండు మూడు ఉంటే స్వల్పం, నాలుగైదు ఉంటే మధ్యస్థం, ఆరు లేదా అంతకు మించి ఉంటే తీవ్రం. అమెరికాలో 'ఒక డ్రింక్' అంటే 14 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్ అని కూడా గుర్తుంచుకోండి.

6. చివరి అధ్యాయాలను వదిలేయకండి

మానసిక వ్యాధులకు వాడే మందులు, కుంగుబాటు మందులు కూడా సిలబస్‌లో ఉన్నాయి. వీటికీ వ్యసనానికీ ఏమిటి సంబంధమని పక్కన పెడితే మార్కులు పోతాయి. ఎంఏఓ నిరోధకాలు (ఒక రకం కుంగుబాటు మందులు) వాడేవారు పాతబడిన చీజ్ ఎందుకు తినకూడదు, లిథియం దేనికి ఇస్తారు, టార్డివ్ డిస్కినీసియా అంటే ఏమిటి అన్నవి చూసుకుంటే చాలావరకు గట్టెక్కవచ్చు.

7. గడియారం పెట్టుకుని రాయండి

పరీక్ష వ్యవధి రెండు గంటలు, ప్రశ్నలు సుమారు 100, అన్నీ బహుళైచ్ఛికాలే. అంటే ఒక్కోదానికి నిమిషం పైచిలుకు. తప్పు జవాబుకు మార్కులు కోయరు కనుక ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకండి. నమూనా పరీక్ష రాశాక ఎన్ని తప్పాయన్నదాని కన్నా ఏ కాగితంలో తప్పాయన్నది చూసి, ఆ ఒక్కటే మళ్లీ చదవండి.

నెగ్గాక అధికారిక స్కోరు పత్రం మీ కాలేజీకి చేరేలా చూసుకోండి. కొన్ని వారాల తర్వాత మీ ట్రాన్‌స్క్రిప్ట్ తెరిచి, ఆ 3 క్రెడిట్లు ఈమెయిల్లో చెప్పిన చోటే పడ్డాయో లేదో సరిచూసుకోండి. వేరే చోట పడితే ఆ ఈమెయిల్ తీసి చూపించండి.