‘వాళ్లంతా అంతే’ అనే అలవాటును వదిలించుకోవడం ఎలా?

బెజవాడలో ఇరవై ఏళ్లుగా నాలుగు పోర్షన్లు అద్దెకిస్తున్నాను. గేటు దగ్గర నిలబడ్డ మనిషి ఊరి పేరు చెప్పగానే లోపల తీర్పు రాసేసుకునేవాణ్ని. గుంటూరంటే కోపం, గోదావరంటే వెటకారం, సీమంటే గొడవలు. ఈ జబ్బు వదిలించుకునే తంటా చాలాసార్లు పడ్డాను. జనం ఈ ప్రయత్నాన్ని ఎలా చెడగొడుతున్నారో చూస్తుంటే ఒళ్లు మండి రాస్తున్నాను.

కావలసినవి: చిన్న నోటుబుక్కు, పెన్ను. ఫోన్‌లో రాయకూడదు. ఫోన్ తీస్తే వాట్సాప్ తెరుస్తారు, అక్కడ ఇలాంటివే ఇంకో పది దొరుకుతాయి.

‘వాళ్లంతా’, ‘ఎంతైనా’, ‘ఆ ఊరోళ్లు’ అని నోట్లోకొచ్చినా, మనసులోకొచ్చినా ఆ రాత్రే రాసేయండి. ఏమనుకున్నారు, కళ్లారా చూసిందేమిటి, అంతే. వారం చాలు.

అలా అనుకోకూడదని మాత్రం బిగబట్టకండి. 1987లో డేనియల్ వెగ్నర్ అనే అమెరికన్ సైకాలజిస్టు కొందర్ని కూర్చోబెట్టి తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దన్నాడు, గుర్తొస్తే గంట కొట్టమన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. ‘మనమంతా ఒక్కటే’ అని రోజూ జపం చేసేవాళ్ల పనీ ఇంతే. నా నోటుబుక్కు పద్ధతే నయం.

ఇక అసలు చిక్కు. మన అంచనాకు సరిపోని మనిషి ఎదురైనప్పుడు దాదాపు అందరూ ఇక్కడే బోల్తా పడతారు. ఒకసారి కడప కుర్రాడొకడు పైపోర్షన్‌లో దిగాడు. నెమ్మదస్తుడు. ఒకరోజు టీ ఇస్తూ, మెచ్చుకుంటున్నాననుకుని, ‘నువ్వు సీమవాడిలా లేవయ్యా’ అన్నాను. గ్లాసు నోటిదాకా తీసుకెళ్లినవాడు ఆగి, ‘మావాళ్లు ఎలా ఉంటారంకుల్?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అతను టీ సగంలోనే పెట్టేసి వెళ్లిపోయాడు.

‘ఈయన వేరు’ అనుకోగానే పని అయిపోయిందనుకుంటాం. అవలేదు. ఇలా ‘వాళ్లంతా అంతే’ అని అందరికీ ఒకే ముద్ర వేయడాన్ని స్టీరియోటైప్ అంటారు. అది అసలు ప్రెస్సు మాట. పేజీ మొత్తాన్ని ఒకే లోహపు పలకగా పోతపోసి కాపీలు గుద్దేవారు. 1922లో వాల్టర్ లిప్‌మన్ అనే జర్నలిస్టు ఆ మాటను మన బుర్రల్లోని బొమ్మలకు వాడాడు. ‘ఈయన వేరు’ అనడమంటే ఒక్క కాపీలో తప్పు దిద్ది, పలకను అలాగే ఉంచడం. రేపటి కాపీలో మళ్లీ అదే తప్పు.

అందుకని ఆ మాట రాగానే లెక్క వేయండి. ఆ ప్రాంతం వాళ్లలో మీకు పేరుతో సహా తెలిసినవాళ్లు ఎందరు? నాకు తేలింది ఇద్దరు. ఇద్దరూ గొడవపడ్డ పాపాన పోలేదు. మిగతాదంతా సినిమాల్లో సుమోలు పేలడమే! లెక్క వేశాక ఆ మనిషి దగ్గరికెళ్లి క్షమాపణలు చెప్పి ఇబ్బంది పెట్టొద్దు. నేను పెట్టాను, ఇద్దరికీ టెన్షన్ తప్ప ఏం మిగల్లేదు.

చివరగా, కలిసి ఏదైనా పని చేయండి. ఊరికే పక్కపక్కన ఉంటే చాలదని, సమాన హోదాలో ఒకే పని కోసం చెయ్యి కలపాలని గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1954లోనే చెప్పాడు. మా ఇంట్లో అది నీళ్ల ట్యాంకు కడగడం. ఓనరుతో సహా అందరూ బకెట్ పట్టాల్సిందే.

గేటు మీది టులెట్ బోర్డులో ‘ఫ్యామిలీకి మాత్రమే’ అన్న లైను మొన్న నోటుబుక్కులోకి ఎక్కింది. పెయింటు డబ్బా తెచ్చాను, ఇంకా మూత తీయలేదు.