పాత సముద్రపు మంచు లెక్కలు వెతకడం ఎలా: చలికాలాల మీద పని చేసేవాళ్ళకి

మా ఉద్దానంలో డిసెంబరు, జనవరి నెలల్లో "మంచు పట్టీసింది" అని ఎవరైనా అన్నారంటే జీడి పూత మీద పొగమంచు కమ్మేసిందని, పూత మాడిపోతుందేమోనని టెన్షన్ పడుతున్నారని అర్థం. ఇది ఆ మంచు సంగతి కాదు. ఎమ్మెస్సీ చదివే మా మేనల్లుడు ఒక రోజు విజయనగరంలో మా ఇంటికి వచ్చి "మావయ్యా, ఉత్తర ధ్రువం దగ్గర సముద్రం గడ్డకట్టడానికీ చలికాలాలకీ ఉన్న సంబంధం మీద ప్రాజెక్టు తీసుకున్నాను, వందేళ్ళ లెక్కలు కావాలి, ఎక్కడ దొరుకుతాయి" అని కూర్చున్నాడు. వాడితో పాటు నేనూ వెతకడం మొదలుపెట్టి రెండు మూడు చోట్ల తప్పులో కాలేశాను. ఆ దారిలో వెళ్ళేవాళ్ళు మళ్ళీ అక్కడే పడకూడదని ఇది రాస్తున్నాను.

ముందు మాటల గొడవ తేల్చుకోండి. తెలుగులో పొగమంచూ మంచే, హిమాలయాల మీద పడేదీ మంచే, భావనపాడులో చేపల పెట్టెల్లో వేసే ఐసూ మంచుగడ్డే. మనకి కావాల్సింది సముద్రపు ఉప్పునీరు దాదాపు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకట్టి పైన తేలే పొర. ఓడలు గుద్దుకునే మంచుకొండలు వేరు, అవి నేల మీది హిమానీనదాల నుంచి విరిగిపడిన మంచినీటి ముక్కలు, వాటి రికార్డులు కూడా వేరే ఉంటాయి. ఇంగ్లీషులో వెతికేటప్పుడు "సీ ఐస్" అనే కొట్టండి, ఉత్త "ఐస్" అని కొడితే గ్రీన్‌లాండ్ మంచు ఫలకాల దగ్గర్నుంచి ఐస్‌క్రీమ్ దాకా అన్నీ వచ్చి మీద పడతాయి.

ఇంకొకటి, లెక్కల్లో "ఎక్స్‌టెంట్", "ఏరియా" అని రెండుంటాయి, రెండూ ఒకటే అనుకుంటే పని చెడుతుంది. మీ ఊరి చెరువులో గుర్రపుడెక్క పట్టిందనుకోండి. చెరువుని గళ్ళుగా గీసి, ఏ గడిలో 15 శాతమో అంతకన్నా ఎక్కువో ఆకు కనిపిస్తే ఆ గడి మొత్తాన్ని లెక్కలో వేస్తే అది ఎక్స్‌టెంట్. నీళ్ళు వదిలేసి ఆకు కప్పిన చోటు మాత్రమే కొలిస్తే అది ఏరియా. ఉపగ్రహం వాడే గడి సుమారు 25 కిలోమీటర్లు, అంతే తేడా.

ఇక అసలు పని. మొదట వెళ్ళాల్సింది అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని బోల్డర్ ఊళ్ళో ఉన్న నేషనల్ స్నో అండ్ ఐస్ డేటా సెంటర్ సైటుకి, ఎన్ఎస్ఐడీసీ అంటారు. అందులో "సీ ఐస్ ఇండెక్స్" అని వెతకండి. రోజువారీ ఫైళ్ళు, నెలవారీ ఫైళ్ళు ఉచితంగా దొరుకుతాయి, ఎక్సెల్‌లో తెరుచుకుంటాయి. నెలవారీవి నెలకొక ఫైలు చొప్పున ఉంటాయి, పేరు మొదట్లో ఎన్ ఉంటే ఉత్తరం, ఎస్ ఉంటే దక్షిణం. అంకెలు మిలియన్ చదరపు కిలోమీటర్లలో ఇస్తారు కాబట్టి పదితో గుణిస్తే లక్షల్లోకి వచ్చేస్తుంది. ఈ వరస 1978 అక్టోబరు చివరి నుంచి, నింబస్-7 ఉపగ్రహంతో మొదలవుతుంది. మైక్రోవేవ్‌తో కొలుస్తారు, దానికి వెలుతురు అక్కర్లేదు, మబ్బు అడ్డం రాదు, అందుకే నెలల తరబడి సూర్యుడు కనిపించని ధ్రువపు చలికాలంలో కూడా లెక్క ఆగదు. పైగా వేసవిలో మంచు మీద కరిగిన నీళ్ళు మడుగులు కడితే ఈ కొలత వాటిని సముద్రమే అనుకుని మంచుని తక్కువ చేసి చూపిస్తుంది, చలికాలంలో ఆ బాధ లేదు.

నేను మొదటి గ్రాఫు గీసిన రోజు సంగతి చెప్పాలి. డిసెంబరు ఫైలు తెచ్చి గీత గీయగానే 1987 దగ్గర గీత పాతాళంలోకి దిగిపోయింది. ఆ ఏడాది ఏదో ప్రళయం వచ్చిందేమో అనుకుని గంటసేపు ఆ ఏటి వార్తలు వెతికాను! తీరా చూస్తే ఆ గడిలో మైనస్ 9999 అని ఉంది, అంటే కొలత లేదని. 1987 డిసెంబరు మొదటి వారం నుంచి 1988 జనవరి మధ్య దాకా ఉపగ్రహం డేటా లేదు, అందుకని ఆ రెండు నెలల సగటు ఇవ్వలేదు. ఆ అంకెలు తీసేసి గడి ఖాళీగా వదలండి, సున్నా పెట్టొద్దు. ఏరియా గడిని కూడా నమ్మి మోసపోవద్దు. ధ్రువం చుట్టూ ఉపగ్రహం చూడలేని గుండ్రటి జాగా ఒకటుంది, అది 1987 జూలై దాకా సుమారు 11.9 లక్షల చదరపు కిలోమీటర్లు, తర్వాత వచ్చిన పరికరాలతో 3.1 లక్షలకి తగ్గింది, 2008 నుంచి ఇంకా చిన్నదైపోయింది. ఏరియా అంకెలో ఆ జాగా కలపరు కాబట్టి 1987లో మంచు ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తుంది. మంచు పెరగలేదు, కంటికి కనబడేది పెరిగింది. ఏళ్ళ తరబడి పోల్చడానికి ఎక్స్‌టెంటే వాడండి.

చలికాలం మీద పని చేసేవాళ్ళు ఆర్కిటిక్ మొత్తం అంకె దగ్గర ఆగిపోకూడదు. 2025 మార్చి 22న ఆ ఏటి గరిష్ఠం 143.3 లక్షల చదరపు కిలోమీటర్లు, అప్పటిదాకా ఉన్న ఉపగ్రహ రికార్డులో అతి తక్కువ గరిష్ఠం అదే. వార్తకి ఆ అంకె బాగుంటుంది గానీ ఏ చలి ఎటు వెళ్ళిందో దాన్నిబట్టి తెలియదు. అదే సైటులో ప్రాంతాలవారీ ఎక్సెల్ ఫైలు ఉంది, బారెంట్స్, కారా, ఒఖోట్స్క్ ఇలా ఒక్కో సముద్రానికి వేరే పేజీలు. యూరప్, ఆసియా చలికాలాల మీద శాస్త్రవేత్తల మధ్య జరిగే వాదనంతా ఎక్కువగా నార్వే, రష్యాలకి ఉత్తరాన ఉన్న బారెంట్స్, కారా సముద్రాల చుట్టూనే తిరుగుతుంది. మావాడికి ఆ రెండూ తీసుకోమన్నాను.

1978కి వెనక్కి వెళ్తేనే అసలు చిక్కు. మావాడు రెండో వారంలో గంతులేస్తూ ఫోన్ చేశాడు, "మావయ్యా, 1850 నుంచీ నెలనెలా లెక్క దొరికీసింది" అని. నిజమే, ఎన్ఎస్ఐడీసీలోనే 1850 నుంచి నెలవారీ గళ్ళ పటాలు ఉన్నాయి, జాన్ వాల్ష్ బృందం చాలా పాత రికార్డులు కలిపి కట్టినవి. నెట్‌సీడీఎఫ్ అనే రకం ఫైలు, ఎక్సెల్‌లో తెరుచుకోదు, నాసా వాళ్ళ పానోప్లీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే పటంలా చూపిస్తుంది. తెరవగానే 1870 జనవరి పటం కూడా ముచ్చటగా కనబడుతుంది. కానీ అదే ఫైలులో ఇంకో పొర ఉంటుంది, ప్రతి గడిలోని అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే సోర్స్ పొర. దాన్ని తెరిచి చూడరా అన్నాను. చూశాక అరగంట వాడి దగ్గర్నుంచి మాట లేదు. పాత జనవరుల్లో చాలా గళ్ళు ఎవరూ చూసినవి కావు, పక్క నెలల నుంచీ, సగటుల నుంచీ పూడ్చినవి. వాల్ష్ బృందం ఏమీ దాచలేదు, అందుకే ఆ పొర పెట్టారు, చూడకపోవడం మన తప్పు.

ఎందుకిలా అంటే, పాతకాలంలో ఆ సముద్రాల మీదికి ఓడలు వెళ్ళేది వసంతం, వేసవి నెలల్లో. తిమింగలాల వేటగాళ్ళయినా, సీల్ జంతువుల వేటగాళ్ళయినా శరదృతువు రాగానే వెనక్కి తిరిగేవారు. డెన్మార్క్ వాతావరణ సంస్థ 1893 నుంచి 1956 దాకా ఏటేటా అచ్చువేసిన పటాలు ఎక్కువగా ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకే, రెండో ప్రపంచ యుద్ధం ఏళ్ళు చాలావరకు ఖాళీ. ఆ పటాల్లో ఎర్రరంగు గుర్తులున్న చోటే ఎవరో కళ్ళతో చూసి రాసినది, మిగతాది అంచనా. నార్వే వాళ్ళు చేర్చిన పాత పటాల భాండారం 1553 నుంచి ఉంది, రష్యా వాళ్ళ పటాలు 1933 నుంచి ఉన్నాయి, రెండూ చూడదగ్గవే, కాకపోతే మొదటి కాలాల్లో అవీ ఎక్కువగా వేసవివే.

అందుకని చలికాలం కావాలంటే చలికాలంలో అక్కడే ఉన్నవాళ్ళ రికార్డు వెతకాలి. ఓడల వైపు కాకుండా ఒడ్డు వైపు చూడండి. రీగా రేవులో నది మంచు విడిపోయిన తేదీలు, మధ్యలో ఖాళీలతో, 1530ల నుంచి ఉన్నాయి. స్వీడన్, ఫిన్లాండ్ సరిహద్దులో టోర్నే నది మంచు విడిపోయే తేదీలు 1693 నుంచి దొరుకుతాయి. బాల్టిక్ సముద్రంలో ఏ చలికాలంలో గరిష్ఠంగా ఎంత మేర గడ్డకట్టిందో 1720 నుంచి వరస ఉంది, ఫిన్లాండ్ వాతావరణ సంస్థ దగ్గర దొరుకుతుంది. నా మటుకు నాకు చలికాలం ప్రాజెక్టుకి ఇంతకన్నా మంచి వరస లేదు. అందులో 2019–20 చలికాలం చూడండి, 37 వేల చదరపు కిలోమీటర్లే, ఆ వరసలోనే అతి తక్కువ. మొత్తం గడ్డకడితే 4.2 లక్షలు ఉండే సముద్రం అది! జపాన్‌లో సువా సరస్సు ఎప్పుడు గడ్డకట్టిందో అక్కడి గుడి పూజారులు 1443 నుంచి రాసుకుంటూ వచ్చారు. అది సరస్సే గానీ సముద్రం కాదు, కాబట్టి పోల్చుకోవడానికి వాడండి, కలపడానికి కాదు.

ఈ తేదీల్లో ఒక మడతపేచీ ఉంది. మన తాతల పుస్తకంలో "మార్గశిర బహుళ పంచమి" అని ఉంటే ఇంగ్లీషు తేదీకి మార్చుకోకుండా వాడం కదా, ఇదీ అంతే. స్వీడన్ 1753లో, రష్యా 1918లో గానీ పాత జూలియన్ క్యాలెండరు పద్ధతి వదిలి ఇప్పటి క్యాలెండరుకి మారలేదు. 1700కి ముందు తేడా పది రోజులు, ఆ తర్వాత వందేళ్ళు పదకొండు, 19వ శతాబ్దంలో పన్నెండు. మంచు పన్నెండు రోజులు ముందు విడిపోయిందని మీరు సంబరపడేలోపు ఆ తేదీలు ఎవరైనా ముందే మార్చారా లేదా అని ఫైలుతో వచ్చే వివరణ చదవండి. మార్చినవి మళ్ళీ మారిస్తే అదీ తప్పే.

మంచులో ఇరుక్కుపోయిన ఓడలు ఇంకో దారి. 1879 సెప్టెంబరులో అమెరికా ఓడ జెన్నెట్ బేరింగ్ జలసంధి దాటాక మంచులో చిక్కుకుని, దాంతోపాటే కొట్టుకుపోయి, 1881 జూన్‌లో మునిగింది. అంటే రెండు చలికాలాలు మంచు మీదే ఉన్నారు. ఓడలో రోజూ రాసే లాగ్ పుస్తకాలు మాత్రం నావికులు మోసుకొచ్చారు. 2010లో మొదలైన ఓల్డ్ వెదర్ అనే కార్యక్రమంలో మామూలు జనం ఇలాంటి ఓడల లాగ్ పుస్తకాల ఫోటోలు చూసి గాలి, పీడనం, మంచు వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించారు. నార్వే అన్వేషకుడు నాన్సెన్ కావాలనే మంచులో ఇరికించిన ఫ్రామ్ ఓడ 1893 నుంచి 96 దాకా అలాగే తిరిగింది. లాగ్ చదివేటప్పుడు "మంచు లేదు" అని రాశారా, లేక మంచు ఊసే రాయలేదా అన్నది విడివిడిగా రాసుకోండి. రాయలేదంటే లేదని కాదు, ఆ రోజు గుమస్తాకి ఓపిక లేదేమో.

పోల్చే దగ్గర ఒక్క మాట. ఆర్కిటిక్ చుట్టూ గాలి పీడనం ఎలా మారుతోందో చెప్పే ఆర్కిటిక్ ఆసిలేషన్ సూచీ 1950 నుంచి నెలవారీగా అమెరికా క్లైమేట్ ప్రిడిక్షన్ సెంటర్ దగ్గర ఉంది. రెండు వరసలూ పక్కన పెట్టే ముందు రెండింటి నుంచీ దీర్ఘకాలపు వాలు తీసేయండి. మంచు ఏటేటా తగ్గుతోంది, విజయనగరంలో సెల్‌ఫోన్లు ఏటేటా పెరుగుతున్నాయి, ఊరికే పోలిస్తే రెండింటికీ బ్రహ్మాండమైన సంబంధం తేలుతుంది.

మన జిల్లాల చలి కూడా దీంట్లో కలుపుదామని మావాడికి ఉబలాటం. తేలినీలాపురం వచ్చే పక్షుల్ని అందరం సైబీరియా పక్షులు అంటాం, గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ నిజానికి మన దేశపు పక్షులే. చలి సంగతీ అలాంటిదే, సైబీరియా చలిని హిమాలయాలు అడ్డుకుంటాయి, మనకి తగిలేది ఎక్కువగా వాయవ్యం నుంచి దిగే పొడిగాలి, మబ్బులేని రాత్రుళ్ళు నేల చల్లారడం. మన వాతావరణ శాఖ పుణె కార్యాలయం దగ్గర 1951 నుంచి ఉష్ణోగ్రతల గళ్ళ లెక్కలున్నాయి, ఒక్కో గడి ఒక డిగ్రీ, సరదాకి తీసి చూడొచ్చు. కారా సముద్రపు వేసవి మంచు తగ్గడానికీ మన దేశంలో సెప్టెంబరు అతివృష్టికీ సంబంధం ఉండొచ్చని గోవాలోని ధ్రువ, సముద్ర పరిశోధన సంస్థ ఎన్సీపీఓఆర్ శాస్త్రవేత్తలు 2021లో రాశారు, అది కూడా "ఉండొచ్చు" అనే. వాళ్ళే 2023 డిసెంబరులో ఆర్కిటిక్‌లోని మన హిమాద్రి స్టేషన్‌కి మొదటిసారి చలికాలం బృందాన్ని పంపారు.

చివరికి మావాడు 1978 తర్వాత బారెంట్స్, కారా లెక్కా, 1720 నుంచి బాల్టిక్ లెక్కా వేర్వేరు అధ్యాయాలుగా పెట్టాడు, 1850 పటాల్లో సోర్స్ పొర చూసి నిలబడ్డ గళ్ళు మాత్రమే వాడాడు. పేజీలు తగ్గాయని వాడికి కొంచెం బెంగ. మా బావ ఆ పటాలన్నీ తిరగేసి, "ఇంత సదివినారు గదా, ఈ ఏడు జీడి పూత ఎలాగుంటాదో సెప్పండి" అన్నాడు. మామాఅల్లుళ్ళం ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.