ఐఎల్-76 మోడల్ కట్టడం – మూడో పాఠం: ముక్కులో బరువు, దొప్పలు మూయడం

రెక్కలు, తోక అంటించి, రంగు వేసి బల్ల మీద నిలబెట్టాక విమానం తోక మీద చతికిలబడితే చేయగలిగింది చాలా తక్కువ. అప్పటికి ఫ్యూజ్‌లేజ్ (విమానం మొండెం) రెండు సగాలనీ, అంటే దొప్పల్నీ, మూసేసి ఉంటాం, లోపలికి దారి ఉండదు. అందుకే ఈ పాఠంలో ముందు బరువు సంగతి తేల్చుకుని, ఆ తర్వాతే జిగురు సీసా మూత తీద్దాం. మొదటి రెండు పాఠాల్లో భాగాలు కడగడం, స్ప్రూ (భాగాలు అతికి ఉండే ప్లాస్టిక్ చట్రం) నుంచి కోయడం, కాక్‌పిట్ పూర్తి చేయడం అయిపోయాయి.

మన ఉదాహరణ 1/144 స్కేలులో (అసలులో 144వ వంతు) జ్వెజ్డా కంపెనీ వారి ప్లాస్టిక్ కిట్, ఐఎల్-76ఎండీ సరుకు విమానం. మన వైమానిక దళం 1985 నుంచి 'గజరాజ్' అని పిలుస్తున్న రకం ఇదే. అసలు విమానం పొడవు 46.59 మీటర్లు, రెక్కల వెడల్పు 50.5 మీటర్లు. ఈ స్కేలులో పొడవు దాదాపు 324 మిల్లీమీటర్లు, వెడల్పు 351 మిల్లీమీటర్లు. వేరే కంపెనీ కిట్ అయినా, సీ-17 లాంటి మరో సరుకు విమానం అయినా పద్ధతి మారదు, కొలతలే మారతాయి.

ఈ విమానం ఎందుకు వెనక్కి పడుతుంది

సరుకు విమానాల్లో ప్రధాన చక్రాలు దాదాపు నడుమ ఉంటాయి. వాటి వెనక పొడుగాటి తోక, దాని చివర టీ ఆకారపు పెద్ద రెక్క. అసలు విమానంలో ముందుభాగం నిండా యంత్రాలు, పరికరాలు ఉంటాయి కాబట్టి సమతూకం కుదురుతుంది. మోడల్‌లో ముందూ వెనకా ఒకే మందం ప్లాస్టిక్, ముక్కు బోలు. అసలు విమానాలకీ ఈ బెడద పూర్తిగా తప్పలేదు: వెనక ర్యాంపు మీదుగా బరువైన సరుకు ఎక్కించేటప్పుడు తోక వాలకుండా సీ-17లో ర్యాంపు దగ్గర స్టెబిలైజర్ స్ట్రట్లు (ఊతకాళ్లు) దించుతారు.

ఐఎల్-76లో ఇంకో చిక్కు కూడా ఉంది. కాక్‌పిట్ కింద నావిగేటర్ కూర్చునే గది ముందంతా అద్దాలే. బరువు పెట్టడానికి అన్నిటికన్నా అనువైన చోటు అదే, కానీ అక్కడ ఏం పెట్టినా బయటికి కనిపిస్తుంది. కాబట్టి ఎంత బరువు అన్న ప్రశ్నకి ఎక్కడ అన్న ప్రశ్నతో కలిపే జవాబు వెతకాలి.

తూచి తెలుసుకోవడం

"ఓ గుప్పెడు వేస్తే సరిపోతుంది" అన్న మాట నమ్మవద్దు. తక్కువైతే తోక కూలుతుంది. ఎక్కువైతే సన్నటి ముందు చక్రం కాలు వంగుతుంది, కొన్ని నెలల్లో విరుగుతుంది కూడా. కిట్ సూచనల కాగితం మీద గ్రాములు రాసి ఉంటే దాన్ని కనీసం అనుకోండి.

రెండు దొప్పలనీ మాస్కింగ్ టేపుతో మూయండి. రెక్కలు, నాలుగు ఇంజన్లు, నిలువు తోక, దాని మీది అడ్డతోక, అద్దాలు, పొట్ట పక్కన ఉండే చక్రాల గూళ్లు, అన్నిటినీ టేపుతోనే వాటి చోట నిలపండి. చిన్నదే కదా అని అడ్డతోకని వదిలేయకండి. అన్నిటికన్నా వెనక ఉండేది అదే, దాని రెండు మూడు గ్రాములు లెక్కని బాగా మార్చేస్తాయి.

ఇప్పుడు పొడవాటి వెదురు పుల్ల ఒకటి పొట్ట కింద అడ్డంగా టేపుతో కట్టి, దాని రెండు కొసల్నీ ఒకే ఎత్తున్న రెండు పెట్టెల మీద ఆనించండి. పుల్ల ఏ గీత మీద ఉండాలన్నది ముఖ్యం. ఐఎల్-76కి పక్కకి రెండేసి ప్రధాన కాళ్లు, ఒకదాని వెనక ఒకటి. ఒక్కో కాలికి అడ్డంగా నాలుగు చక్రాలు, మొత్తం 16. లెక్క ప్రకారం విమానం వెనక్కి ఒరగాలంటే వెనక కాళ్ల మీదుగానే ఒరగాలి. కానీ మోడల్‌లో వెనక కాళ్లు అర మిల్లీమీటరు పొట్టిగా కూర్చున్నాయా, మొత్తం బరువు ముందు కాళ్ల మీదకి వస్తుంది, విమానం అక్కడినుంచే తిరుగుతుంది. అందుకని పుల్లని ముందు ప్రధాన కాళ్ల రంధ్రాల గీత మీదే కట్టండి. నాలుగైదు గ్రాములు ఎక్కువ పడుతుంది, పడనివ్వండి.

ముక్కు దగ్గర దారంతో ఒక కాగితపు కప్పు వేలాడదీయండి. విమానాన్ని మట్టంగా పట్టుకుని మెల్లగా వేళ్లు తీయండి. అది తక్కెడలా నిలబడి ఊగదు. బరువంతా పుల్లకి పైనే ఉంది కాబట్టి ఏదో ఒక పక్కకి పడిపోతుంది. కప్పులో కొంచెం కొంచెం వేస్తూ పోండి. తోక వైపు పడుతున్నది ముక్కు వైపు పడటం మొదలుపెట్టిన చోట ఆగి, కప్పునీ అందులో ఉన్నదాన్నీ కలిపి తూచండి. 0.1 గ్రాము చూపించే చిన్న డిజిటల్ తూకం ఉంటే మంచిది. లేకపోతే రూపాయి గుర్తున్న 2011 వరస నాణేలు వాడుకోండి: రూపాయి బిళ్ల 3.79 గ్రాములు, రెండు రూపాయలది 4.85, ఐదు రూపాయలది 6 గ్రాములు.

ఇక లెక్క. దారం కట్టిన చోటు పుల్లకి 110 మిల్లీమీటర్ల ముందుందనీ, కప్పుతో కలిపి 24 గ్రాములు పట్టిందనీ అనుకుందాం. 24ని 110తో గుణిస్తే 2640. నిజంగా బరువు పెట్టబోయే చోటు పుల్లకి 88 మిల్లీమీటర్ల ముందుంటే, 2640ని 88తో భాగించాలి: 30 గ్రాములు. అదే 40 మిల్లీమీటర్ల దగ్గరే పెడితే 66 గ్రాములు కావాలి. ఈ అంకెలు పద్ధతి చూపడానికే, మీ కిట్ మీద మీరే కొలవాలి. వచ్చినదానికి 30 శాతం కలపండి. ఫిల్లరు (సందులు పూడ్చే ముద్ద), రంగు, వార్నిషు, యాంటెన్నాలు తర్వాత వచ్చి చేరతాయి, వాటిలో సగానికి పైగా ఇరుసుకి (పుల్ల ఉన్న గీతకి) వెనకే చేరతాయి. 30 గ్రాములు 39 అవుతుంది, 40 అనుకోండి.

ఏం పెట్టాలి

సీసం అన్నిటికన్నా సౌకర్యం. ఘన సెంటీమీటరుకి 11.3 గ్రాములు ఉంటుంది, సుత్తితో కొడితే కావలసిన ఆకారానికి సాగుతుంది. చేపల గాలాలకి కట్టే సీసపు గుండ్లు దొరుకుతాయి. టైరు షాపుల్లో వీల్ బ్యాలెన్సింగ్‌కి అంటించే పట్టీలు 5, 10 గ్రాముల బిళ్లలుగా వస్తాయి, లెక్క తేలిక. వాటిలో కొన్ని ఇనుప పట్టీలు, అయినా పనికొస్తాయి. సీసం పట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇంట్లో కరిగించే పని మాత్రం పెట్టుకోవద్దు.

సైకిల్ షాపు ఛర్రాలు ఇంకో మంచి దారి. వెనక చక్రం హబ్బులో వేసే పావు అంగుళం ఉక్కు గుండు ఒక్కోటి ఒక గ్రాముకి కాస్త ఎక్కువ. నలభై లెక్కపెట్టి వేసుకుంటే పనైపోతుంది, తూకం కూడా అక్కర్లేదు. ఉక్కు సీసం కన్నా తేలిక కాబట్టి చోటు ఎక్కువ తింటుంది. కానీ ఈ విమానం పొట్ట వ్యాసం స్కేలులో 33 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, చోటుకి కొదవ లేదు.

దేనితో అంటించాలన్న దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. సీసాన్ని ఫెవికాల్ లాంటి తెల్ల జిగురులో ముంచి పెట్టకండి. ఆ జిగురు నుంచి వెలువడే ఎసిటిక్ ఆమ్లం సీసాన్ని మెల్లగా తినేస్తుంది. సీసం తెల్లటి పొడిగా మారుతూ ఉబ్బుతుంది. ఏడాదికో నాలుగేళ్లకో అతుకు దానంతటదే విచ్చుకుంటుంది, కారణం ఎవరికీ అంతుబట్టదు. ఫెవిక్విక్ కూడా ఇక్కడ వద్దు. దాని ఆవిరి మూసిన పొట్టలో ఎటూ పోలేక అద్దాల లోపలి వైపు తెల్లటి పొగలా పేరుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే మరీను. విశాఖ, కాకినాడల్లో ఉన్నవాళ్లు దీన్ని త్వరగానే చూస్తారు. లోపలి నుంచి పట్టిన ఆ తెలుపుని తుడవడానికి వేలు వెళ్లదు.

వాడాల్సింది ఎరాల్డైట్ లాంటి రెండు గొట్టాల ఎపాక్సీ, లేదా ఎమ్-సీల్. ఐదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీని ఒక్కసారే పెద్ద ముద్దగా పోస్తే బాగా వేడెక్కుతుంది, పలచటి ప్లాస్టిక్ లోపలికి లాక్కుపోవచ్చు. రెండు మూడు విడతలుగా, ఒక్కో పొర చల్లారాక పోయండి. తొందర లేకపోతే నెమ్మదిగా గట్టిపడే రకమే మేలు.

ఎక్కడ పెట్టాలి

మొదట నావిగేటర్ గది కింద ఉబ్బెత్తుగా ఉండే రాడార్ గడ్డం. అద్దాల నుంచి కనపడదు, ముక్కుకి దగ్గర. అందులో పట్టినంతా నింపండి. తర్వాత కాక్‌పిట్ నేల కింద, నావిగేటర్ గది వెనకగోడకి అవతల. అక్కడ 1 మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటుతో ఒక అడ్డుగోడ కోసి అంటించండి, ముందువైపు నల్లటి మ్యాట్ రంగు వేయండి. గోడ రెండు పనులు చేస్తుంది: అద్దాల్లోంచి చూసేవాళ్లకి చీకటి గదిలా కనిపిస్తుంది, ఎప్పుడైనా ఎపాక్సీ పట్టు వదిలినా గుండ్లు ముందుకొచ్చి అద్దాల మీద పడవు. బరువు వెనక కూడా ఇంకో అడ్డుగోడ పెట్టండి. మూసిన పొట్టలో ఒక్క ఛర్రా ఊడి దొర్లినా, మోడల్ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ గలగలమంటుంది.

అంటించే ముందు లోపలి ప్లాస్టిక్‌ని 120 నంబరు ఎమరీ పేపరుతో బాగా గీరండి. నునుపైన పాలిస్టైరిన్‌ని (కిట్ ప్లాస్టిక్‌ని) ఎపాక్సీ గట్టిగా పట్టుకోదు. బరువుని రెండు దొప్పలకీ పంచాలన్న ఆలోచన వద్దు, ఒక దొప్పలోనే పెట్టి రెండోదాన్ని దాని మీద మూయండి. లేకపోతే సగం మిల్లీమీటరు పొంగిన ఎపాక్సీ దొప్పల్ని కలవనివ్వదు.

ఇంజన్లలో బరువు పెట్టవచ్చు కదా అని అడుగుతారు. అవి ఇరుసుకి కొద్దిగానే ముందుంటాయి కాబట్టి ఫలితం స్వల్పం, రెక్కలు మాత్రం కిందికి వాలతాయి. వద్దు. సరుకు గది తలుపులు తెరిచి చూపాలన్న ఉబలాటం కూడా మొదటి మోడల్‌కి మానుకోండి. అటు తోక బరువు పెరుగుతుంది, ఇటు బరువు దాచే చోటు తగ్గుతుంది.

ముందు కాలు ఈ బరువు మోయాలి. కాలి పైకొసలో 0.8 మిల్లీమీటర్ల రంధ్రం తొలిచి, అంతే మందం ఇత్తడి తీగ 6 మిల్లీమీటర్లు దింపి, మిగిలిన కొసని ముందు చక్రం గూటి పైకప్పులోకి పోనివ్వండి. ఈ రంధ్రం ఇప్పుడే తొలచాలి. మూశాక డ్రిల్లు నిటారుగా పట్టడం కష్టం.

మూయడం

టేపుతో మూసి చూసినప్పుడు దొప్పల అంచులు ఎక్కడెక్కడ మెట్టు పడుతున్నాయో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. ఇంత పొడవు దొప్పలు కొంచెమైనా వంగకుండా రావడం అరుదు. 0.5 మిల్లీమీటరు షీటు నుంచి 5×10 మిల్లీమీటర్ల ముక్కలు కోసి, 25–30 మిల్లీమీటర్లకొకటి చొప్పున ఒకటి ఎడమ దొప్పకి, తర్వాతది కుడి దొప్పకి, సగం బయటికి ఉండేలా లోపల అంటించండి. ఎదుటి అంచు వాటి మీద ఎక్కి సరైన మట్టానికి వస్తుంది. దొప్ప లోపలికి నొక్కుకుపోయి ఉంటే స్ప్రూ కడ్డీ ఒకటి కొలిచి కోసి అడ్డంగా ఎదురుకట్టుగా పెట్టండి.

పొడవంతా ఒక్కసారే అంటించకండి. కాక్‌పిట్ అద్దాన్ని దాని చోట ఉత్తినే పెట్టి, అక్కడి వెడల్పు సరిపోయేలా ముక్కు దగ్గర 6–7 సెంటీమీటర్లు అంటించి అరగంట ఆగండి. తర్వాత వీపు మీదుగా తోక దాకా అలాగే ముక్కముక్కలుగా. పొట్ట చివరికి. ఎందుకంటే దొప్పల మధ్య తేడా ఎక్కడో ఒకచోట బయటపడక తప్పదు, చక్రాల గూళ్లు కప్పేసే పొట్ట మీద అయితే ఎవరికీ కనపడదు.

పలచటి ప్లాస్టిక్ సిమెంటు బ్రష్‌తో అతుకుని తాకిస్తే చాలు, అది దానంతటదే లోపలికి పాకుతుంది. పది సెకన్లు ఆగి గట్టిగా నొక్కండి. కరిగిన ప్లాస్టిక్ సన్నటి దారంలా పైకి ఉబకాలి. ఆ దారమే మీ ఫిల్లరు. ఉబకని చోట సందు ఉందని అర్థం, అక్కడ మళ్లీ పోయండి. టేపు కిందికి సిమెంటు పాకితే టేపు అంచు గుర్తు ప్లాస్టిక్ మీద పడిపోతుంది. టేపుని అతుకు మీదుగా వంతెనలా ఎత్తి అంటించండి. కిటికీలు తెరిచి పని చేయండి.

ఇప్పుడు కనీసం 48 గంటలు ముట్టుకోకండి. పైన ఎండినట్టే ఉంటుంది, లోపల ద్రావకం ఇంకా ఆరుతూనే ఉంటుంది. అది ఆరేకొద్దీ ప్లాస్టిక్ కుంగుతుంది. మర్నాడే నునుపు చేస్తే ఆ రోజుకి అద్దంలా కనిపించి, రంగు వేసిన రెండు వారాలకి అతుకు గీత సన్నటి లోయలా మళ్లీ తేలుతుంది. ఆ గీతకి మందు లేదు, రంగు తీసి మళ్లీ మొదలుపెట్టడమే.

ఆరాక 400 నంబరుతో మొదలుపెట్టి 600, 800, 1000 దాకా, తడి చేసుకుంటూ. పేపరుని పట్టీగా కోసి, బూట్లు పాలిష్ చేసినట్టు గుండ్రం వెంట అటూ ఇటూ లాగండి. చదునైన చెక్క ముక్కతో రుద్దితే పొట్ట మీద బల్లపరుపు చార పడుతుంది, రంగు మెరుపులో అది కొట్టొచ్చినట్టు కనపడుతుంది. అతుకు మీద వెండి రంగు పలచగా పూసి వాలుగా వెలుతురు పడేలా చూడండి, మిగిలిన గుంటలన్నీ బయటపడతాయి. చెరిగిపోయిన ప్యానెల్ గీతల్ని (విమానం రేకుల అతుకుల్ని చూపే గీతల్ని) గట్టి ప్లాస్టిక్ టేపు అంచు ఆధారంగా సూదితో మూడు నాలుగుసార్లు తేలికగా గీయండి. ఒకేసారి నొక్కి గీస్తే సూది అతుకు గట్టిదనానికి పక్కకి జారుతుంది.

అంతా చేశాక కూడా పుల్ల మీద తోక కూలుతోందా? ముందు చక్రం గూటి పైకప్పులో 5 మిల్లీమీటర్ల రంధ్రం చేయండి, అందులోంచి సన్నటి సీసపు గుండ్లూ ఎపాక్సీ జారవిడిచి, ముక్కు కిందికి పెట్టి రాత్రంతా ఉంచండి. గూటి తలుపులు ఆ రంధ్రాన్ని కప్పేస్తాయి. రెక్కలు అంటించక ముందే ఈ పరీక్ష మరోసారి చేయండి, అన్ని భాగాలూ టేపుతో కట్టి.

నాలుగో పాఠంలో రెక్కలు, వాటి వాలు. మందపాటి అట్ట, మూలమట్టం, 1 మిల్లీమీటరు ఇత్తడి తీగ, స్టీలు స్కేలు సిద్ధంగా ఉంచుకోండి. ఫ్యూజ్‌లేజ్ వీపు మీద రెక్క కూర్చునే చోటు మాత్రం ఇప్పుడే నునుపు చేయకండి. అక్కడి అంచులు రెక్కతో కలిపి చూశాకే తేల్చాలి.