వానల ముందు ఫాల్స్ సీలింగ్ పని: జాగ్రత్తలు

కోనసీమలోనూ, నరసాపురం వైపూ నైరుతి వానలు పట్టేలోపు ఫాల్స్ సీలింగ్ వేయించాలనుకునేవారు జిప్సమ్ బోర్డా, గ్రిడ్ టైల్సా (లోహపు చట్రంలో విడివిడిగా అమర్చే పలకలు) అని తేల్చుకునే ముందు వీటిని చూసుకోవాలి.

– శ్లాబు కారుతుందేమో ముందుగా పరీక్షించండి. డాబాపై చిన్న గట్లు కట్టి రెండు రోజులు నీళ్లు నిలపండి. అడుగున చెమ్మ మచ్చ కనిపిస్తే మరమ్మతు పూర్తయ్యాకే సీలింగ్ మాట ఎత్తాలి, ఎందుకంటే తడిసిన జిప్సమ్ బోర్డు మెత్తబడి, కుంగి, చివరికి ఊడిపడుతుంది, దానితోపాటు పుట్టీకీ రంగుకూ పెట్టిన డబ్బూ నీళ్లపాలవుతుంది. చెమ్మ కోసమని అమ్మే ఆకుపచ్చ జిప్సమ్ బోర్డు కూడా గాలిలోని చెమ్మను ఓర్చుకుంటుందే గాని కారే నీటిని తట్టుకోదు.

– పైన బాత్‌రూమ్ గొట్టాలో, ఏసీ డ్రెయిన్ పైపో ఉన్న గదికి నా మాటగా గ్రిడ్డే మేలు. రెండడుగుల టైలును పైకెత్తితే జాయింటు చేతికందుతుంది. జిప్సమ్ అయితే కోసి, మళ్లీ అతికి, రంగు వేయాలి.

– గది ఎత్తు కొలవండి. టైలును వాల్చి బయటికి తీయడానికి గ్రిడ్ పైన నాలుగైదు అంగుళాల ఖాళీ కావాలి.

– సముద్రం దగ్గరి ఊళ్లలో సీలింగ్‌ను మోసే ఇనుప పట్టీలకు జింకు పూత ఛానళ్లే అడగండి, కోసిన అంచులకు ప్రైమర్ పూయించండి. ఉప్పుగాలికి తుప్పు అక్కడే మొదలవుతుంది.

– ఫ్యాను బరువు శ్లాబు కొక్కేనికే ఉండాలి.