పుష్ బంతిని బ్యాక్‌హ్యాండ్‌తో లేపడం ఎలా?

టేబుల్ టెన్నిస్‌లో అవతలివాడు పుష్ చేసిన (బంతి అడుగుని బ్యాట్‌తో కోస్తూ మెల్లగా నెట్టిన) బంతిని బ్యాక్‌హ్యాండ్‌తో కొడితే నెట్‌కే తగులుతోందా? పుష్‌తో వచ్చేది బ్యాక్‌స్పిన్ బంతి, అంటే వెనక్కి తిరుగుతూ వచ్చేది; అది బ్యాట్‌కి తగలగానే కిందికి జారుతుంది, ముందుకు బాదితే లాభం లేదు, పైకి లేపాలి.

మోకాళ్లు బాగా వంచి బ్యాట్‌ని టేబుల్ అంచుకన్నా కిందికి, తొడల మధ్యకి దించండి. మణికట్టు లోపలికి మడిస్తే బ్యాట్ కొన మీ పొట్టవైపు చూడాలి. మోచెయ్యి కాస్త ముందుకు. బంతి ఎగిరి, దిగబోయేదాకా ఆగండి (ఈ ఆగడమే కష్టం, నాకు నెలలు పట్టింది), అప్పుడు ముంజేతినీ మణికట్టునీ పైకీ ముందుకీ విసురుతూ బంతి వెనకభాగాన్ని రబ్బరుతో రుద్దేయండి. ‘టప్’మని గట్టిగా వినిపించిందంటే కొట్టేశారన్నమాట, సరిగ్గా రుద్దితే చప్పుడు మెత్తగా వస్తుంది. నెట్ ఎత్తు 15.25 సెంటీమీటర్లే, మొదట్లో దానిపైన జానెడు ఎత్తున పోయినా ఫరవాలేదు. టేబుల్ దాటి పోతుంటే మాత్రం బ్యాట్‌ని కొంచెం ముందుకు వాల్చండి.